వెలుగు చుక్క వెంట

కెనడాలోని సార్నియాలో నేను అద్దెకున్న ఇంటివాళ్ల కుక్కకి చివరి ఇంజెక్షన్ ఇప్పించమని చెప్పింది నేనే. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరితోనూ ఇంత సూటిగా అనలేదు. ఎవరైనా ఆ ఇంటి గురించి అడిగితే, వాళ్లకో కుక్క ఉండేదని, దానికి జబ్బు చేసిందని చెప్పి మాట మార్చేదాన్ని.

నేను పశువుల డాక్టర్ని. అంటే, ఇండియాలో. నల్లగొండ వైపు ఒక మండల పశువైద్యశాలలో రెండేళ్లు కాంట్రాక్టు మీద పనిచేశాను. గేదెలు, గొర్రెలు, మేకలు. ఈనలేక అల్లాడుతున్న గేదె కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి దూడని తిప్పి లాగిన రోజులున్నాయి. కుక్కలు నా దగ్గరికి వచ్చింది తక్కువ. వచ్చినవి కూడా లారీ తగిలినవో, ఇంకో కుక్క కరిచినవో. కెనడాలో పశువైద్యం చేయాలంటే మళ్లీ మొదటి నుంచి పరీక్షలు రాయాలని, దానికి ఏళ్లు పడుతుందని నాకు ముందే తెలుసు. ఎలాగోలా ముందు అక్కడికి చేరితే తర్వాత నిదానంగా రాసుకోవచ్చన్నారు కన్సల్టెన్సీ వాళ్లు. ఆ వారం వాళ్ల దగ్గర సార్నియా కాలేజీలో సప్లై చెయిన్ కోర్సులో సీటు ఉంది. అప్లై చేశాను. వీసా వచ్చింది.

అప్పట్లో ఆ కాలేజీలో ఎటు చూసినా మన పిల్లలే. చిన్న ఊరు, అంతమందికి గదులు లేవు. మొదటి మూడు వారాలు ఏడుగురు అమ్మాయిలం ఒక బేస్‌మెంట్‌లో పరుపులు పరుచుకుని పడుకున్నాం. ఒక ఆదివారం మా గదిలో ఉండే గుంటూరు అమ్మాయి వెంట తెలుగు వాళ్ల ప్రార్థన కూటానికి వెళ్తే, అక్కడ ఒక ఆంటీ నన్ను చూసి, తమ ఇంట్లో పైన ఒక గది ఖాళీగా ఉందని, ఒక్క అమ్మాయికైతే ఇస్తామని చెప్పింది. వాళ్లది కాకినాడ దగ్గర. ఆంటీ వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు. అంకుల్ ఊరికి దక్షిణాన ఉన్న కెమికల్ ప్లాంట్లలో ఒకదాంట్లో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. వాళ్లకి పదకొండేళ్ల కూతురు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. ఆ పాప కోసం లాక్‌డౌన్‌లో కొన్నదే ఈ కుక్క. బోర్డర్ కోలీ, గొర్రెలు కాసే జాతి. నలుపు తెలుపు ఒళ్లు, గోధుమ రంగు కళ్లు. నేను వెళ్లేసరికి దానికి మూడేళ్లు.

నేను సామాను దించిన రోజు అది నన్ను పట్టించుకోలేదు. కొత్త మనిషి ఇంట్లోకి వస్తే ఏ కుక్కయినా మొరుగుతుంది, లేదా వాసన చూస్తుంది. ఇది హాల్లో గోడకేసి చూస్తూ కూర్చుంది. నా సూట్‌కేస్ చక్రాలు దాని పక్కనుంచే వెళ్లాయి. ముక్కు గోడకి బెత్తెడు దూరంలో పెట్టి, ఒళ్లంతా బిగబట్టి చూస్తోంది. కిటికీ బయట చెట్టు కదిలినప్పుడల్లా ఆ గోడ మీద వెలుతురు మరక కదులుతోంది.

"మా వాడికి లైట్లంటే పిచ్చి," అని ఆంటీ నవ్వింది. ఆ ఇంట్లో అందరూ దాన్ని 'వాడు' అనేవారు. "ఇదుగో, చూడు." ఫోన్‌లో టార్చి వేసి నేల మీద తిప్పింది. కుక్క ఎగిరి దూకింది, జారింది, మళ్లీ లేచి దూకింది. నేనూ నవ్వాను. ఆ వారంలోనే ఒకరోజు నా చేతి గడియారం అద్దంతో నేను కూడా దాన్ని హాలంతా తిప్పాను. అది చాలాసేపటి దాకా ఆగలేదు. నేను గడియారం జేబులో పెట్టుకున్నాక కూడా సోఫా కింద వెతుకుతూనే ఉంది.

అప్పుడే నాకు ఏదో తట్టింది. చదువుకునే రోజుల్లో పశువుల ప్రవర్తన మీద మాకున్నది రెండు మూడు క్లాసులు. బోనులో ఒకే దారిలో అటూ ఇటూ తిరిగే ఎలుగుబంటి గురించి, కొయ్య కొరుకుతూ గాలి మింగే గుర్రం గురించి చెప్పి, కుక్కల్లో తోక వెంట తిరగడం, కాలు నాకి నాకి పుండు చేసుకోవడం, లేని ఈగల్ని పట్టడం, నీడల వెంట పడటం అని నాలుగు మాటల్లో ముగించారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. దానికి రాసిన జవాబు నాకు గుర్తుంది గానీ, అది ఒక ఇంట్లో ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు.

నేను కొత్తగా దిగినదాన్ని. గది దొరకడమే గొప్ప అనుకున్న రోజులు. వాళ్లు ముద్దుగా చూసుకునే కుక్కకి మతి సరిగ్గా లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అక్టోబర్‌లో వాళ్లింట్లో ప్రార్థన కూటం పెట్టినప్పుడు భోజనాలయ్యాక పిల్లలంతా చేరి ఫోన్ టార్చిలు వేసి దాన్ని పరుగెత్తించారు. పెద్దవాళ్లు చుట్టూ నిలబడి చూశారు. నేను ప్లేట్లు తీస్తూ, దాని తోక వైపు చూశాను. తోక ఊగడం లేదు. కాళ్ల మధ్యకి దిగి ఉంది. నోరు మూసుకుని ఉంది, కళ్లు పెద్దవయ్యాయి. అది ఆడటం లేదని నాకు అర్థమైంది. అయినా ప్లేట్లు కడగడానికి వంటగదిలోకి వెళ్లిపోయాను.

నవంబర్‌లో గడియారాలు ఒక గంట వెనక్కి జరిపాక సాయంత్రం ఐదున్నరకే చీకటి పడటం మొదలైంది. సార్నియా చీకటి మామూలు చీకటి కాదు. దక్షిణం వైపు ప్లాంట్ల పొడుగాటి గొట్టాల మీద మంట వెలుగుతుంటుంది. ఫ్లేర్ అంటారు. గాలి వీచే దాన్నిబట్టి అది పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మా ఇంటి వెనక తలుపు అద్దంలోంచి ఆ వెలుతురు వంటగది గోడ మీద పడి వణికేది. మనుషులం దాన్ని గమనించం. కుక్క సాయంత్రమంతా అక్కడే ఉండేది. గోడని ముక్కుతో రాసి రాసి ముక్కు మీద తోలు లేచిపోయింది. గోళ్లతో గీకితే పెయింటు ఊడి తెల్ల పిండి రాలేది. పిలిస్తే చెవి కూడా కదిలేది కాదు. గిన్నెలో తిండి పెడితే రెండు మెతుకులు తిని మళ్లీ గోడ దగ్గరికి పోయేది. స్టీలు గిన్నె కదా, దాని అంచు మెరుపు చూసి ఒక్కోసారి అసలు తినేది కాదు.

అంకుల్ మంచివాడు. ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. కానీ కుక్కని కంట్రోల్‌లో పెట్టాలని ఆయన నమ్మకం. గోడ దగ్గరికి పోయినప్పుడల్లా గట్టిగా అరిచేవాడు, స్ప్రే సీసాతో మొహాన నీళ్లు కొట్టేవాడు. అది ఒక్క క్షణం ఆగి, తడి మొహంతో మళ్లీ చూసేది. నీళ్ల చుక్కలు నేల మీద మెరిసేవి. ఇక వాటి వెంట పడేది.

ఒక శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను. "అంకుల్, ఏమనుకోకండి. అరిస్తే అది ఇంకా ఎక్కువవుతుంది. అది మొండితనం కాదు, జబ్బు."

ఆయన చెంచా కింద పెట్టాడు. "ఏం జబ్బు, డాక్టరమ్మా?" అన్నాడు. ఎగతాళి కాదు, ఆయన నన్ను ముందు నుంచీ అలాగే పిలిచేవాడు.

నాకు తెలిసినంత వరకు చెప్పాను. ఈ జాతి కుక్కకి కదిలేదాన్ని చూపుతో పట్టుకుని వెంట పడటం పుట్టుకతో వచ్చిన పని. గొర్రెల వెంట పడితే ఆ పని ఎక్కడో ఒకచోట ముగుస్తుంది, గొర్రె దొడ్లోకి పోతుంది, కాపరి ఇక చాలంటాడు. వెలుతురు నోటికి చిక్కదు, దొడ్లోకి పోదు. పని ముగియదు. ముగియని పనిని రోజూ చేసి చేసి మెదడు దానికే అలవాటు పడిపోతుంది. తర్వాత సంతోషం ఉండదు, ఆగడం మాత్రం చేతకాదు. కొన్ని కుక్కలు పుట్టుకతోనే దీనికి దగ్గరగా ఉంటాయి, ఏదో ఒకటి తోడైతే అటు ఒరిగిపోతాయి.

"ఏదో ఒకటి అంటే?" అని ఆంటీ అడిగింది.

"సాధారణంగా లేజర్ లైటు," అన్నాను.

ఆ మాట అనే ముందు నేను పాప వైపు చూసి ఉండాల్సింది. పాప లేచి వెళ్లి తన గదిలోంచి ఒక చిన్న పెన్ను లాంటిది తెచ్చి బల్ల మీద పెట్టింది. లాక్‌డౌన్‌లో స్కూలు లేక, బయటికి పోవడానికి లేక, రోజంతా ఇంట్లో ఉన్నప్పుడు వాళ్లమ్మే ఆన్‌లైన్‌లో తెప్పించిన లేజర్ లైటు. పిల్లకీ కుక్కపిల్లకీ కాలక్షేపం. రోజూ గంటలు గంటలు మెట్ల మీద ఆడుకున్నారట.

"డిడ్ ఐ డూ ఇట్, అక్కా?" అంది.

లేదు అన్నాను. ఎవరూ చేయలేదు, అది దాని రక్తంలోనే ఉందన్నాను. పూర్తిగా అబద్ధం కాదు. కానీ నేను అంతకు ముందు చెప్పినదంతా పాప విన్నది. ఆ సాయంత్రం తన ఫోన్‌లో వెతుక్కుని చదువుకుంది కూడా. మర్నాటి పొద్దున లేచి చూస్తే, హాల్లో ఉన్న రెండు అద్దాలూ గోడ వైపు తిప్పి ఉన్నాయి. స్టీలు గిన్నె తీసేసి ప్లాస్టిక్ గిన్నె పెట్టింది. వెనక తలుపు అద్దానికి నల్ల చార్ట్ పేపర్ టేపుతో అతికించింది. తన మెళ్లో ఉండే వెండి శిలువ కూడా తీసేసి డ్రాయర్‌లో పెట్టింది. ఆంటీ అది చూసి బాధపడింది.

డిసెంబర్‌లో డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరికింది. నన్నూ రమ్మన్నారు. డాక్టర్ నా వయసు మనిషే. ఓపికగా రక్తం తీసింది, కళ్లు చూసింది, మూర్ఛ లాంటివి ఏమైనా ఉన్నాయా అని అడిగింది. తీసుకెళ్లిన వీడియోలు చూసింది. పాప ఫోన్‌లో పాతవి కూడా ఉన్నాయి, నాలుగు నెలల కుక్కపిల్లగా ఉన్నప్పటివి. వాటిలో అది లేజర్ చుక్క మీద పడి, దొర్లి, తోక ఊపుతూ పాప మొహం నాకడానికి వచ్చింది. ఒక్కో వీడియోలో వయసు పెరిగేకొద్దీ పాప దగ్గరికి రావడం తగ్గింది. చివరి వాటిలో అసలు రాలేదు. పాప పక్కనే నిలబడి అన్నీ చూసింది.

నేను డాక్టర్‌ని మందు మోతాదు గురించి అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసి, నువ్వు ఈ ఫీల్డ్‌లో ఉన్నావా అంది. ఇండియాలో ఉండేదాన్ని అన్నాను. ఆమె తలూపి మళ్లీ ఆంటీ వైపు తిరిగి మాట్లాడింది. మనుషులకి డిప్రెషన్‌కి ఇచ్చే మందే రాసింది. పనిచేస్తుందో లేదో తెలియడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందంది. దాంతో పాటు రోజూ ఒకే వేళకి నడక, వాసన చూసి వెతుక్కునే ఆటలు, మెదడుకి వేరే పని. అరవకూడదు, నీళ్లు కొట్టకూడదు. అంకుల్ స్ప్రే సీసా ఆ రోజే చెత్తలో పడేశాడు.

ఆ చలికాలం ఆ కుక్క నా పని అయింది. అంకుల్‌వి షిఫ్టులు, ఆంటీకి డబుల్ డ్యూటీలు, పాపకి స్కూలు. నాకు క్లాసులు వారానికి మూడు రోజులే. కారు లేదు కాబట్టి దూరంగా పార్ట్‌టైమ్ పనికి పోలేకపోయాను, బస్సులు అంతంత మాత్రం. పొద్దున తెల్లవారకముందే, ఇంకా నీడలు పుట్టకముందే దాన్ని నది ఒడ్డుకి తీసుకెళ్లేదాన్ని. అమెరికా వైపు పోయే వంతెన కింద దాకా నడిచి, సూర్యుడు పైకి రాకముందు తిరిగి వచ్చేవాళ్లం. పాత టవల్ ముడుల్లో చికెన్ ముక్కలు దాచి ఇల్లంతా పెట్టేదాన్ని. అది ముక్కుతో వెతుక్కునేటప్పుడు కళ్లని మరిచిపోయేది. ఒక నోటుబుక్కులో రోజూ రాసేదాన్ని, ఎంతసేపు గోడ దగ్గర ఉంది, పిలిస్తే ఎన్నిసార్లకి తిరిగింది, ఎంత తిన్నది. కెనడా వచ్చాక నేను మనసు పెట్టి చేసిన చదువు అదొక్కటే.

ఫిబ్రవరిలో ఆకాశం మబ్బు పట్టి రెండు మూడు వారాలు అలాగే ఉండిపోయింది. కుక్క తేరుకుంది. ఒక పొద్దున నేను మెట్లు దిగుతుంటే తనంతట తనే వచ్చి నా మోకాలికి తల ఆనించింది. ఆంటీ దేవునికి స్తోత్రం చెప్పింది. ఆ ఆదివారం కూటంలో లేచి సాక్ష్యం కూడా చెప్పింది, మూగజీవాన్ని కూడా ప్రభువు విడిచిపెట్టలేదని. పాప సాయంత్రాలు నేల మీద దాని పక్కన పడుకుని హోంవర్క్ చేసుకునేది. నేను డాక్టర్ లైసెన్స్ పరీక్షల వెబ్‌సైట్ తెరిచి, అప్లికేషన్ ఫారం డౌన్‌లోడ్ చేసుకున్నాను.

మార్చిలో మబ్బు తొలగింది. కింద ఇంకా మంచు ఉంది, పైన ఎండ. కళ్లు చిట్లించుకోకుండా మనుషులే బయటికి పోలేని వెలుతురు. చూరుల నుంచి నీళ్లు కారేవి, ఒక్కో చుక్కా మెరుస్తూ పడేది. వాకిట్లో నీటి మడుగులు. పొద్దున్నే సూర్యుడు తొందరగా వచ్చేవాడు. నల్ల పేపర్లు ఎన్ని అతికించినా సందుల్లోంచి వెలుతురు గీతలు వచ్చేవి, ఆ గీతల్లో దుమ్ము కదిలేది. నాలుగు రోజుల్లో కుక్క నవంబర్‌లో ఉన్న చోటికి వచ్చేసింది, పది రోజుల్లో దాన్ని దాటిపోయింది. నిద్ర పోవడం మానేసింది. నోటుబుక్కులో రాయడానికి ఏమీ ఉండేది కాదు, రోజంతా ఒకటే.

నెల చివర అంకుల్ పనిచేసే ప్లాంట్‌లో ఏదో యూనిట్ ఆపి మళ్లీ మొదలుపెట్టారు. అలాంటప్పుడు లోపలి గ్యాసు అంతా పైకి పంపి కాల్చేస్తారు. మూడు రోజులు ఫ్లేర్ మామూలుకి నాలుగింతలు మండింది. పొద్దుగూకగానే ఆకాశం సగం నారింజ రంగుకి తిరిగేది. దాన్ని తగ్గించడం కుదరదా అని ఆంటీ అమాయకంగా అడిగింది. "అది మండుతుంటేనే మేం లోపల బతికుంటాం," అన్నాడు అంకుల్ ఫోన్‌లో. మూడు రోజులూ ఆయన డ్యూటీలోనే ఉన్నాడు.

రెండో రోజు సాయంత్రం ఇంట్లో నేనూ పాపా ఉన్నాం. వెనక తలుపు మీద అతికించిన పేపరు ఒక మూల ఊడి వేలాడుతోంది. కుక్క ఆ మూల చూసింది. మేమిద్దరం వంటగదిలోనే ఉన్నాం, నాలుగడుగుల దూరం. అది వెనక్కి వెళ్లి, పరుగెత్తుకొచ్చి, అద్దం మీదికి దూకింది. అద్దం పగిలింది. ముందు కాలు, ఛాతీ చీరుకుపోయాయి. నేను టవల్‌తో అదిమి పట్టుకున్నాను. నెత్తురు కారుతుంటే కూడా అది నా భుజం మీదుగా ఆ పగిలిన కన్నంలోంచి మంట కేసి చూస్తోంది. నొప్పి దానికి తెలియలేదు. కిందపడ్డ గాజు పెంకుల్లో మంట మెరుస్తుంటే వాటి మీదికి పోవాలని నా చేతుల్లో పెనుగులాడింది. పాప చీపురు తెచ్చి పెంకులన్నీ ఊడ్చింది. ఏడవలేదు.

కుట్లు పడ్డాయి. వాటిని నాకకుండా మెడకి ప్లాస్టిక్ కోన్ కట్టారు. ఆ తెల్ల ప్లాస్టిక్ లోపల వెలుతురు తిరుగుతుంటే అది తల అటూ ఇటూ ఆడిస్తూ గుండ్రంగా తిరిగేది. తీసేస్తే కుట్లు పీకేసేది. డాక్టర్ ఫోన్‌లో మాట్లాడుతూ మూడు దారులున్నాయంది. మందు మోతాదు పెంచి, ఇంకో మందు కలిపి చూడొచ్చు. గ్వెల్ఫ్ అనే ఊళ్లో ఇలాంటి కుక్కల్ని చూసే నిపుణులున్నారు, వాళ్ల దగ్గర అపాయింట్‌మెంట్‌కి నెలలు పడుతుంది. లేదా, అది పడుతున్న బాధని చూసి కుటుంబం వేరే నిర్ణయం తీసుకున్నా తాను తప్పు పట్టనంది.

ఆ సాయంత్రం ఆంటీ నా గదికి వచ్చి మంచం అంచు మీద కూర్చుంది. యూనిఫాం కూడా మార్చుకోలేదు. అంకుల్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నువ్వే చెప్పమ్మా," అంది. "మాకు తెలీదు. నువ్వు చదువుకున్నదానివి. నీ సొంత కుక్కయితే ఏం చేస్తావ్?"

ఆ దేశం వచ్చాక నన్ను డాక్టర్‌గా ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. ఆ క్షణంలో నాకు అది కూడా తెలుస్తూనే ఉంది. సిగ్గుపడుతూ చెప్తున్నాను, తెలుస్తూనే ఉంది. నేను గేదెల దగ్గర పని నేర్చుకున్నదాన్ని. ఆ పని నేర్పిన మా సారు ఒక మాట అనేవాడు, జంతువుకి రేపు అనేది తెలియదు, దానికున్నది ఈ పూట నొప్పే, రేపటి ఆశ మనది, నొప్పి దానిది అని. నేను ఆ మాటే ఆంటీకి చెప్పాను. ఇంకో మందు అంటే ఇంకో రెండు నెలలు, ఎండాకాలం వస్తోంది, పొద్దు తొమ్మిదింటి దాకా గూకదు, అన్నాళ్లు అది నిద్ర లేకుండా ఉండలేదు అన్నాను.

"పంపించేద్దాం ఆంటీ," అన్నాను.

ఆమె తలూపింది. అంకుల్ ప్రార్థన చేద్దామన్నాడు. ముగ్గురం తలలు వంచాం. ఆయన మొదలుపెట్టాడు గానీ రెండు మాటల తర్వాత ఆగిపోయాడు. ఆంటీ ఆమెన్ అంది.

పాపకి చెప్పింది వాళ్లమ్మ. నేను లేను అక్కడ. తర్వాతి రోజు పాప స్కూలుకి పోలేదు, క్లినిక్‌కీ రానంది. కారు ఎక్కించేటప్పుడు కుక్క పక్కన మోకాళ్ల మీద కూర్చుని మెడ చుట్టూ చేతులు వేసింది. అది పాప భుజం మీదుగా కారు బంపర్ మెరుపు చూస్తోంది. పాప చేతులు తీసేసి లోపలికి వెళ్లిపోయింది.

క్లినిక్‌లో చిన్న గది. డాక్టర్ దయగా లైట్లు తగ్గించింది. అంకుల్ లోపలికి రాలేకపోయాడు. ఆంటీ ఒక వైపు, నేను ఒక వైపు. మొదట మత్తు ఇచ్చారు. రెండు మూడు నిమిషాల్లో దాని కళ్లు వెతకడం మానేశాయి. తల నా చేతిలో బరువుగా అయింది. నాకు తెలిసినప్పటి నుంచి దాని మొహంలో ఆ బిగువు పూర్తిగా పోవడం చూసింది అప్పుడే. మామూలు కుక్కలా ఉంది. ఆంటీ "మా వాడు, మా వాడు" అంటూ చెవులు నిమిరింది. డాక్టర్ రెండో ఇంజెక్షన్ ఎక్కించింది. గుండె ఆగిందా లేదా అని నా వేళ్లు తొడ లోపలి నాడి మీదికి వాటంతటవే పోయాయి.

పాప ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. కోపంగా ఉన్నట్టు కూడా ఉండేది కాదు. అన్నం దగ్గర ఉప్పు అందించమంటే అందించేది. ఒకసారి మాత్రం మెట్ల మీద ఎదురుపడినప్పుడు ఇంగ్లీషులో, నువ్వు చెప్పకపోయి ఉంటే వాళ్లు ఇంకో మందు ఇచ్చేవాళ్లు కదా అంది. నేను జవాబు చెప్పేలోపు పైకి వెళ్లిపోయింది. కోర్సు అయ్యేదాకా ఉండమని ఆంటీ అన్నది గానీ, ఏప్రిల్ నెలాఖరుకి నేను వేరే అమ్మాయిలతో కలిసి ఇంకో బేస్‌మెంట్‌లోకి మారిపోయాను.

కోర్సు అయ్యాక గ్వెల్ఫ్ వచ్చాను. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పని, వారాంతాల్లో కుక్కల్ని ఉంచుకునే బోర్డింగ్ కెన్నెల్‌లో బోనులు కడగడం. లైసెన్స్ మొదటి పరీక్ష ఒకసారి రాశాను, పాసవలేదు. మళ్లీ రాయడానికి వర్క్ పర్మిట్‌లో టైమ్ మిగల్లేదు. పీఆర్‌కి, అంటే అక్కడే స్థిరంగా ఉండిపోవడానికి, కావాల్సిన స్కోరు నేను అందుకునేలోపు పైకి పోతూనే ఉంది. ఇవన్నీ నాతో చదివిన అందరికీ జరిగినవే.

పోయిన ఏడు ఆ కెన్నెల్‌కి ఒక ముసలాయన తన బోర్డర్ కోలీని నాలుగు రోజులు ఉంచడానికి తెచ్చాడు. ఫారంలో మందుల పేర్లు రాసి ఉన్నాయి, రెండు మందులు, పెద్ద మోతాదు. నేను చదివి, వెలుతురు వెంట పడేదా అని అడిగాను. ఆయన అవునన్నాడు. దాని ముక్కు మీద మచ్చ చూపించాడు. మొదటి మందు పనిచేయలేదని, రెండోది కలిపాక కూడా చాలాకాలం ఏమీ మారలేదని, ఏడాది దాటాక ఒక రోజు హఠాత్తుగా గోడ దగ్గర్నుంచి లేచి వచ్చి తన కాళ్ల దగ్గర పడుకుందని చెప్పాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు చూస్తుందట, పిలిస్తే తిరిగి వస్తుందట. చాలామంది వదిలేయమన్నారు, నాకు వేరే పనేమీ లేదు కాబట్టి ఆగాను, అన్నాడు.

మా కుక్కది దీనికంటే ముదిరిన జబ్బు కావచ్చు. ఇది అద్దాలు పగలగొట్టలేదు. దీనికి ఆకాశంలో మంట లేదు. ఇలా నాకు నేను చాలా చెప్పుకున్నాను. ఆ నాలుగు రోజులూ ఆ కుక్క బోను నేనే కడిగాను. మూడో రోజు మధ్యాహ్నం పై కిటికీలోంచి ఎండ నేల మీద పలకలా పడింది. కుక్క లేచి వెళ్లి దాని వైపు ఒకసారి చూసి, అందులోనే చుట్టుకుని నిద్రపోయింది. నేను బకెట్ పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆంటీ ప్రతి క్రిస్మస్‌కి ఫోన్ చేస్తుంది. పాప ఇప్పుడు హైస్కూల్లో ఉంది, బాగా చదువుతోందట, ఇంట్లో మళ్లీ ఏ జంతువునీ పెంచనివ్వలేదట. మొన్న చేసినప్పుడు ఆంటీ చివర్లో, మనం చేసింది మంచిపనే కదమ్మా, దానికి వేరే దారి లేదు కదా, అని అడిగింది. లేదు ఆంటీ అన్నాను.